ఆరో సూది

కంబగిరి గారు ఇక లేరన్న వార్త సోమవారం ఉదయం ప్రయోగశాల గుమ్మంలోనే నాకు ఎదురైంది. తాళాలు చేతపట్టుకుని నిలబడ్డ మెకానిక్ మల్లయ్య, "సారు పాణం పోయిందట సారూ. గుండెనొప్పట" అన్నాడు. శనివారం సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాక దాకా నాతో నడిచివచ్చిన మనిషి! సూయజ్ కాలువ మూతపడి ఓడలు ఆఫ్రికా చుట్టి పోతున్నాయని, ఆ ఓడల ఇంజనీర్లు ఎంత అలసిపోతారోనని దారిపొడుగునా దిగులు పడ్డారు.

కర్నూలు జిల్లాలో పుట్టి, పన్నెండేళ్లు సముద్రాలమీద ఇంజనీరుగా తిరిగి, సముద్రం ఎరుగని ఈ ఊళ్లో మాకు ఓడ ఇంజన్లు బోధించిన గురువర్యులు ఆయన. ఓడల్లో తారులాంటి ఇంధన నూనెను వేడిచేసి పలచబరుస్తారు. పంపు దాన్ని ప్రచండమైన ఒత్తిడితో తోస్తే, నాజిల్ లోపలి సూది క్షణకాలం పైకి లేస్తుంది. నూనె పొగమంచులా సిలిండరులోకి చిమ్ముతుంది. మేడంత ఇంజను ప్రాణం వేలెడు సూదిలో ఉందనేవారు. ప్రతి సూదినీ నాజిల్‌లో అది కదిలే ఒరలోనే అరగదీసి జతపరుస్తారు. ఒకదాని సూది మరొకదానికి నప్పదు.

ఆ జతను పరీక్షించడం ఆయన చేతుల్లోనే చూడాలి. డీజిల్‌లో తడిపిన సూదిని కొద్దిగా పైకి లాగి వదిలేవారు. అది తన బరువుతోనే మెల్లగా దిగాలి. "తొయ్యొద్దు నాయనా, దాని తావు దానికి తెలుసు" అనేవారు. ఇంటికి వెళితే బొరుగుల ఉగ్గాని పెట్టి, తినేదాకా ఇంజన్ల మాట ఎత్తనిచ్చేవారు కాదు.

నా చివరి సంవత్సరంలో, ఆయన ఏడాదిపాటు ఉత్తరాలు రాసి తెప్పించిన ఆరు ఓడ నాజిళ్లు విశాఖపట్నం నుంచి వచ్చాయి. శుభ్రం చేసే పని నాది. తొందరపడి అన్నిటినీ విప్పి, సూదులన్నీ ఒకే పళ్లెంలో కిరోసిన్‌లో వేసి కడిగాను. ఏది దేనిదో తెలియలేదు. భయంతో ఒక సూదిని దానిది కాని ఒరలోకి బలవంతంగా దూర్చి గీతలు పెట్టాను. ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు రోజులు ఒక్కొక్క సూదినీ ఒక్కొక్క ఒరలో దించి చూశారు. ఐదు జతలు కుదిరాయి. ఆరో సూది పాడైపోయింది.

నాజిల్ పాడైనందుకు కాలేజీలో విచారణ జరిగింది. "నీ పేరొస్తే డిగ్రీ ఆగుతుంది. నువ్వు మాట్లాడొద్దు" అని నాతో చెప్పి, లోపలికి వెళ్లి అది తమ అజాగ్రత్తేనని ఒప్పుకున్నారు. నేను తలుపు బయట నిలబడి విన్నాను. ఆ ఏడు రావలసిన ప్రొఫెసర్ పదవి ఆయనకు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేను పట్టా పుచ్చుకున్నాను. ఆయన పక్క గదిలోనే ఉద్యోగమూ సంపాదించాను. అందరికీ చెప్పేస్తానని ఆయనతో అనాలని ఎన్నిసార్లో అనుకున్నాను. మొన్న శనివారమూ అనుకున్నాను. అంతలో ఆయన ఇల్లు వచ్చేసింది.

నిన్న సంతాప సభలో ఒక పెద్దాయన ఆయన పాండిత్యాన్ని పొగిడి, నాజిళ్ల విషయంలో మాత్రం పొరపాటు చేశారని జాలిపడ్డారు. నేను తల వంచుకున్నాను. బయటికి వచ్చాక మల్లయ్య నెమ్మదిగా, "గా పని సారు చెయ్యలే, నాకెరుకే. ఇగనన్న చెప్పున్రి సారూ" అన్నాడు.

ఇలా రాసి అందరికీ చెబుతున్నాను. ఆ సూదులను కలిపేసింది కంబగిరి గారు కాదు, నేను. ఆరో ఒర ఇప్పటికీ మా బీరువాలో ఖాళీగా ఉంది. దానికి మరో సూది దొరకదు. గురువుగారూ, ఈ మాట మీరు వినేలా చెప్పలేకపోయాను. మీ పాదాలకు నమస్కరిస్తున్నాను.