మూడు వృత్తాలకు బయట

మనవరాలిని ఉడికించనిదే మా అత్తగారికి పొద్దు గడవదు. "నిన్ను తవుడిచ్చి కొన్నామే" అనడం ఆవిడకు కాఫీలాంటి అలవాటు. మా వైపు ఆ మాట పడకుండా పెరిగిన పిల్లలు ఉండరు. నేనూ పడ్డాను, మా ఆయనా పడ్డారు. అమ్మాయి చిన్నప్పుడు మూతి ముడిచేది. తొమ్మిదో తరగతికి వచ్చాక "ఎన్ని బస్తాలిచ్చారేంటి?" అని ఎదురడగడం నేర్చింది.

ఆ ఏడాది స్కూల్లో పిల్లల రక్తం గ్రూపులు చూశారు. మా అమ్మాయిది ఓ నెగెటివ్. నేను లెక్కల టీచర్ని, ఏదైనా గీసి చూపిస్తేగాని నాకు తృప్తి ఉండదు. ఆదివారం వాకిలి కడిగాక, ఒకదాన్నొకటి కోసుకునేలా ముగ్గుపిండితో మూడు పెద్ద వృత్తాలు వేశాను. రక్తంలో ఏ ఉన్నవాళ్లు ఒకదాంట్లో, బి ఉన్నవాళ్లు ఇంకోదాంట్లో, పాజిటివ్ వాళ్లు మూడోదాంట్లో నిలబడాలి. మా ఆయన ఏ పాజిటివ్ కాబట్టి ఆ రెండూ కలిసేచోట నిలబడ్డారు. బి పాజిటివ్ నేను, నా చోటికి వెళ్లాను. అమ్మాయికి వాటిలో ఏదీ లేదు. అన్నిటికీ బయట, గేటు పక్కన నిలబడింది. వృత్తాలు చక్కగా కుదిరాయని నేను మురిసిపోతున్నాను.

"అమ్మా, నిజం చెప్పు. నేను మీకు పుట్టలేదా?"

పకపకా నవ్వాను. దాని గడ్డం వణకడం చూశాక నవ్వు ఆగిపోయింది.

"అమ్మ నుంచి ఒక వాటా, నాన్న నుంచి ఒక వాటా వస్తాయే. ఒకటి పైకి కనిపిస్తే రెండోది దాని వెనక దాక్కోవచ్చు. మా ఇద్దరిలో దాక్కున్నవే నీకొచ్చాయి."

"దాక్కున్నాయని నీకెలా తెలుసు?"

క్లాసులో ఎవరైనా అలా అడిగితే మెచ్చుకునేదాన్ని. ఇంట్లో అడిగేసరికి ఒళ్లు మండింది. అమ్మాయి మధ్యాహ్నం అన్నం కెలికి లేచిపోయింది. దాన్ని అలా చూస్తుంటే నాకు దుఃఖం వచ్చింది.

"సరదాకి అన్న మాట ఇంత దూరం వచ్చిందేంటమ్మాయ్" అని అత్తగారు నాకేసి చూసి బిక్కమొహం వేశారు.

"మీదీ ఓ నెగెటివ్ అయితే మీ అబ్బాయిలో అది దాక్కుని ఉన్నట్టే అత్తయ్యా. పరీక్ష చేయించుకుంటారా?"

"అమ్మో, సూదా? నావల్ల కాదు" అన్నారు. సాయంత్రానికి ఇస్త్రీ చీర కట్టుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డారు.

బస్టాండు దగ్గర ల్యాబులో కళ్లు గట్టిగా మూసుకుని మనవరాలి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడది వేరే గ్రూపు వచ్చినంత మాత్రాన ఏమీ తేలదని నాకు తెలుసు. అయినా దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను. ఓ నెగెటివే అని చెప్పగానే నాకు ప్రాణం లేచివచ్చింది. నా వాటా సంగతి మాత్రం నా మాట మీద నమ్మమని అమ్మాయితో అన్నాను. అది కొంచెం నవ్వింది.

ఇంటికి వచ్చేసరికి ముగ్గు స్కూటర్ల కింద సగం చెరిగిపోయింది. అత్తగారు దాని ముందు ఆగారు.

"నన్నెక్కడ నిలబెడతావే?"

"బయటే నానమ్మా, నా పక్కన."

"అయితే కాస్త జరుగు. నాకూ చోటివ్వు" అంటూ ఆవిడ మోకాళ్లు పట్టుకుని గేటు పక్కన కూలబడ్డారు.

మా అమ్మాయి జరగలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చుంది.