ముళ్లకంప తీసిన పోర్షన్

2023 మే నెల, మార్కాపురం. ఎండకి దుకాణంలో గాజుల బీరువా అద్దం కూడా చెయ్యి పెడితే చుర్రుమనేది. గాజుల దుకాణం పేరుకే నా వ్యాపారం. అద్దె ఇళ్లు చూపించడం అసలు వ్యాపారం. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. ఊళ్లో మగ బ్రోకర్లు బోలెడుమంది ఉన్నారు గానీ వాళ్లు గేటు దగ్గర నిలబడి "అదిగో ఇల్లు" అంటారు. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉందో లేదో చూసి మరీ చెబుతాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఎస్తేరు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతుల నిండా పలకల పొడి. రాచర్ల దగ్గర పల్లె ఆమెది. మా ఊళ్లో పలకల ఫ్యాక్టరీలో పలకలకి చట్రాలు బిగించే పని దొరికితే వచ్చి, తనతో పనిచేసే ఒకామె ఇంటి వరండాలో పడుకుంటోంది. భర్తది గిద్దలూరు, ఆటో తోలుతాడు. తాగుడు, దెబ్బలు, ఆఖరికి ఇంకో మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టాడు. ఈమె కట్టుబట్టలతో బయటికొచ్చింది. ఎనిమిదేళ్ల పాప మాత్రం అత్తగారింట్లోనే ఉండిపోయింది.

రెండువైపులా పెద్దమనుషులు కూర్చుని ఒక మాట తేల్చారట. బడులు తెరిచేలోపల తల్లి తనకంటూ ఒక ఇల్లు చూపించాలి. చూపిస్తే పాపను పంపుతారు, లేకపోతే పాప గిద్దలూరులోనే.

"వరండాలో పడుకునేదానికి పిల్లనెట్ల ఇస్తామన్నారక్కా. వాళ్లన్నది గూడా నిజమే. నాకొక గది ఇప్పించు" అంది.

జీతం ఎంత అని అడిగాను. తొమ్మిది వేలు. అద్దె ఎంత కట్టగలవంటే రెండున్నర వేలు అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను కూడా. ఆ డబ్బుకి మార్కాపురంలో గొడ్ల కొట్టం కూడా రాదు తల్లీ అన్నాను. ఆమె నవ్వలేదు. "అంతకన్నా ఎక్కువ చెప్పి, మూడో నెల కట్టలేకపోతే నీకే మాటొస్తుంది గదక్కా" అంది.

పట్టుదలకొచ్చి, ఊరి చివర కొత్త కాలనీలో రెండున్నర వేలకే ఒక గది పట్టాను. చూశావా నా తడాఖా అన్నట్టు తీసుకెళ్లాను. ఆమె గది వైపు చూడనే లేదు. నీళ్లెట్ల అని అడిగింది. ట్యాంకర్, డ్రమ్ము లెక్కన కొనుక్కోవాలి అన్నాను. ఫ్యాక్టరీకి ఆటో ఎంత, బడికి ఎంత అని అడిగి, వేళ్ల మీద లెక్కేసుకుని, అన్నీ కలిపితే నాలుగు వేలు దాటుతుందక్కా అంది. ఇన్నేళ్లలో నేను అద్దె ఎంతో చెప్పాను గానీ, అందులో బతకడానికి ఎంతవుతుందో ఎవరికీ లెక్కగట్టి చెప్పలేదు. సిగ్గేసింది. ఆమె ముందు ఒప్పుకోలేదు లెండి.

రెండోది బజారుకి దగ్గర్లో ఒక మేడ వెనక గది. కుళాయి ఉంది, ఫ్యాక్టరీకి నడిచి పోవచ్చు. ఇంటావిడ నాకు తెలిసిన మనిషే, అద్దె మూడువేలకి దించుతానంది. అయితే మా ఊళ్లో ఏ ఇంటి ఓనరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే, మీ ఆయన ఏం చేస్తాడు అని. దానికి మా బ్రోకర్ల దగ్గర తయారుగా ఉండే జవాబు ఒకటుంది. లారీ డ్రైవరు, నెలకోసారి వస్తాడు. ఆ జవాబే ఎస్తేరుకి దారి పొడుగునా చెప్పి తీసుకెళ్లాను.

ఆవిడ అడగనే అడిగింది. ఎస్తేరు తల ఎత్తి, "ఆయన నాతో లేడమ్మా. నేనూ నా బిడ్డే ఉంటాము" అంది. ఆవిడ మొహం మారిపోయింది. ఆ గది మా చుట్టాలకి కావాలన్నారు, మరిచేపోయాను అంది. నాకు తెలుసు, ఆవిడకి ఆ గదిలో ఉండే చుట్టాలెవరూ లేరు.

సందులోకి రాగానే నేను ఆమెని కడిగేశాను. ఒక్క అబద్ధానికి నీ సొమ్మేం పోయింది, ఇల్లు కావాలా వద్దా, బడులు తెరవడానికి ఇంక ఎన్నాళ్లుందో తెలుసా అని. ఆమె అంతా విన్నది.

"ఇయ్యాల నేను చెప్తానక్కా. రేపు మీ నాయన ఎప్పుడొస్తాడే అని పాపను అడుగుతారు. దాని చేత గూడా రోజూ చెప్పియ్యాల గదా" అంది.

ఇద్దరం చెరకు రసం తాగాం. డబ్బులు నేనిచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదని చెప్పను, బాగానే పడుకున్నాను. పొద్దున దుకాణం ఊడుస్తుంటే శేషయ్యగారి వెనక పోర్షన్ గుర్తొచ్చింది. శేషయ్యగారిది కిరాణా వ్యాపారం. ఆయన ఇంటి వెనక గది, వంటిల్లు, సొంత బోరు, చివర ఒక వేపచెట్టు. నిరుడు నవంబరులో అందులో అద్దెకున్న వాళ్ల ముసలావిడ పోయింది. ధనిష్ఠా పంచకంలో పోయిందని పురోహితుడు చెప్పాడు. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప వేసి తాళం పెట్టారు. ఆరు నెలలూ అయిపోయాయి, శాంతి కూడా చేయించారు, కంప తీసేశారు. అయినా ఒక్కరూ రావడం లేదు. నాలుగు వేల పోర్షన్ అది. నేనే ముగ్గురికి చూపించాను, ముగ్గురూ కంప సంగతి ఎవరి ద్వారానో విని పారిపోయారు.

ఎస్తేరుకి చెప్పకుండా చేర్చెయ్యొచ్చు. మామూలుగా అయితే అదే చేసేదాన్ని. కానీ నిన్నటి మాట తర్వాత మనసొప్పలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి, ముసలావిడ సంగతి, నక్షత్రం సంగతి, కంప సంగతి అంతా చెప్పాను. మీ క్రైస్తవులు ఇవన్నీ పట్టించుకుంటారో లేదో, నీ ఇష్టం అన్నాను.

"బతికున్నోనికి భయపడి వచ్చినదాన్నక్కా. పోయినామెకు భయపడతానా?" అంది. "మా పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టుకుంటాము. నీళ్లున్నాయా?"

ఇక శేషయ్యగారి దగ్గర నా విద్య అంతా చూపించాను. ఆరు నెలలు పైసా రాలేదు. ఇప్పుడు రెండున్నర వేలకి ఒక మనిషి చేరి, ఒక ఏడాది అందులో సుఖంగా ఉందంటే, ఆ ఇంటి మీద మాట పోతుంది, తర్వాత మీ ఇష్టం వచ్చిన అద్దె చెప్పుకోండి అన్నాను. వ్యాపారస్తుడు కదా, ఆయనకి వెంటనే ఎక్కింది. ఎక్కనిది ఆయన భార్య రత్నమ్మగారికి. ఆ మొదటి ప్రశ్నే వచ్చింది, నా పక్కనే నిలబడ్డ ఎస్తేరు నుంచి అదే జవాబు వచ్చింది.

"మగదిక్కు లేని మనిషిని పెట్టుకుంటే రేపు ఆ తాగుబోతు వచ్చి గేటు ముందర గొడవ చేస్తే ఎవరమ్మా జవాబుదారీ?" అంది రత్నమ్మగారు.

"నేను" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట. "వాడు గేటు దాకా రావాలంటే నా దుకాణం దాటి రావాల వదినా. రానీ చూద్దాం."

రత్నమ్మగారు నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నా నోరు ఆవిడకి తెలుసు. అప్పుడు కొంచెం నవ్వి, బోరు మోటరు సాయంత్రం ఒక్కపూటే వేస్తామని చెప్పింది. అంటే ఒప్పుకున్నట్టే.

రెంటల్ అగ్రిమెంట్ అంటే పదకొండు నెలల కాగితం. మా దగ్గర చాలా ఇళ్లకి అది రాసుకోరు, నోటిమాటే. నేనే పట్టుబట్టి రాయించాను, పెద్దమనుషులకి చూపించాలి కాబట్టి. రాసేవాడు అలవాటుకొద్దీ ఆడమనిషి పేరు రాసి, ఫలానా వారి భార్య అని మొదలుపెట్టి పేరు అడిగాడు. ఎస్తేరు అతని చెయ్యి ఆపింది. మా నాయన పేరు రాయన్నా అంది. కొట్టేసి రాస్తే కాగితం బాగుండదని నేను కొత్త కాగితం కొనిచ్చాను. సాక్షి చోట నేను సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్లలో వేరేవాళ్ల అద్దె కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది.

గిద్దలూరుకి నేనూ పోయాను. దుకాణం మూసి మరీ పోయాను. మా ఆయన ఏంది నీకు పనిలేదా అన్నాడు, లేదన్నాను. పెద్దమనుషుల్లో ఒకాయన కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. అద్దె ఎవరు కడతారు అని అడిగాడు. "నేనే పెదనాయనా" అంది ఎస్తేరు. ఆయన కాగితం మడిచి ఆమె చేతికే ఇచ్చి, పాప బట్టలు సర్దండి అన్నాడు. అత్తగారు ఏదో అనబోయింది. ఆయన వినిపించుకోలేదు.

ఎస్తేరు ఇప్పటికీ ఆ పోర్షన్‌లోనే ఉంది. అద్దె ఒక్క నెల తప్పలేదు. కిందటేడు శేషయ్యగారు మూడు వందలు పెంచితే, ఆమె కట్టింది గానీ నేను ఆయనతో ఒక వారం మాట్లాడలేదు. ఆమె భర్త ఒక్కసారి సందు దాకా వచ్చాడు. దుకాణం ముందు నన్ను చూసి తిరిగిపోయాడు. ఆ కథ నేను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను.

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే, పాపను తెచ్చిన రోజే నేర్పింది. పాప పేరు ప్రిసిల్లా. గదిలోకి వచ్చి, కుళాయి తిప్పి, వేపచెట్టు దాకా పోయి, వెనక్కొచ్చి తల్లి కొంగు పట్టుకుంది. ఎవరిల్లమ్మా ఇది అని అడిగింది. మనదే అంది ఎస్తేరు. బ్రోకర్ బుద్ధి కదా, శేషయ్యగారిదమ్మా, మీరు అద్దెకున్నారు అని చెప్పడానికి నోరు తెరిచాను. పాప అప్పటికే చెప్పులు విప్పి గుమ్మం పక్కన జతగా పెట్టేసింది. అద్దె కట్టుకుని భయం లేకుండా పడుకోగలిగిన చోటు ఎవరికైనా సొంతిల్లే. తెరిచిన నోరు మూసుకుని, ఇద్దరినీ వదిలేసి దుకాణానికి పోయాను.