మా కాలనీకి నేను తెచ్చిన అమ్మవారు

దొంగలు రాకుండా చూడమని నాకొక బాధ్యత అప్పగిస్తే, దొంగ తప్ప మిగతా జగ్గయ్యపేటంతా మా కాలనీకి రావడం మానేసేలా చేసిన ఘనుణ్ణి నేను. పాలాయన మానేశాడు. గ్యాసు బండి మానేసింది. పిల్లనిచ్చిన మామగారు వీధి మొదట్లోంచే వెనక్కి తిరిగారు. దొంగ మాత్రం నిక్షేపంగా వచ్చాడు. ఎవరింటికి వచ్చాడో ఇప్పుడే చెప్పేస్తే మీరు నవ్వుకుని పేజీ తిప్పేస్తారు, నా గోడు వినేవాళ్ళుండరు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. నేను సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తాని. పెళ్ళయిన కొత్త కూడా కావడంతో, లోకంలో నాకు తెలియనిదంటూ ఏమీ లేదని మా ఆవిడ సుజాత దగ్గర నిరూపించుకునే పనిలో ఉన్నాను. మా కాలనీ హైవేకి కాస్త లోపలగా ఉండేది. ఎండాకాలం సెలవలకి సగం ఇళ్ళు తాళాలు వేసుకుని పోయేవి. ఆ తాళాల్ని చూసుకుని దొంగలు వచ్చేవాళ్ళు. ఆ ఏడు వేసవి మొదట్లోనే పక్క కాలనీలో రెండిళ్ళు దోచారు.

అప్పుడు కొత్తగా వచ్చిన ఎస్సై గారు మమ్మల్నందర్నీ పార్కులో సమావేశపరిచారు. పార్కంటే పార్కు కాదు, పార్కు కడతామని వదిలేసిన ఖాళీ స్థలం. పోలీసులు ఒక్కళ్ళే అన్ని వీధులూ కాయలేరనీ, మీరూ మేమూ కలిస్తేనే పని జరుగుతుందనీ, ఒక కమిటీ వేసుకోండనీ చెప్పారు. సెక్రెటరీగా ఎవరుంటారని అడిగేసరికి అందరూ నేలచూపులు చూశారు. సరిగ్గా అప్పుడే నేను చెయ్యెత్తి, మంచినీళ్ళ గ్లాసు ఇటు పంపమని సైగ చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసు రాలేదు గానీ పదవి వచ్చింది.

ఎస్సై గారు చెప్పిన ఉపాయం మహా తేలిక. "ఊరెళ్ళేటప్పుడు వీధి తలుపు లోపల్నించి గడియ పెట్టుకుని, పెరటి తలుపుకి తాళం వెయ్యండి. తాళం బయటికి కనపడకూడదు. మాకొక మాట చెప్పండి, ఎదురింటివాళ్ళకొక మాట చెప్పండి. ఎదురింటి కళ్ళని మించిన పోలీసు లేడండి," అన్నారు.

ఇంతేనా అనిపించింది నాకు. ఎదురింటివాళ్ళకి చెప్పడానికి సెక్రెటరీ ఎందుకు, కమిటీ ఎందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. నా దురదంతా ఆ పదవితోనే పుట్టింది. మూడు రోజులు ఆఫీసులో ఫ్యాక్టరీ పని మానేసి ఆలోచించి, ఒక పథకం కనిపెట్టాను.

పథకం ఏమిటంటే, ఊరెళ్ళేవాళ్ళు గుమ్మానికి వేప మండ కట్టి వెళ్ళాలి.

ఇందులో గొప్పతనం చూడండి. కాలనీవాళ్ళకి అది మా రహస్య సంకేతం. మండ ఉందంటే ఇంట్లో మనుషుల్లేరు, ఒక కన్నేసి ఉంచాలి. దొంగకి మాత్రం ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఎండాకాలం కాబట్టి అనుమానం కూడా రాదు. ఎంతటి దొంగయినా అమ్మవారున్న గడప తొక్కడు. ఒకే మండకి రెండు పనులు. సుజాతకి చెబితే మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆవిడ బియ్యం ఏరడం ఆపి, "దొంగొక్కడే అనుకుంటాడా? మిగతావాళ్ళు అనుకోరా?" అంది.

మిగతావాళ్ళ సంగతి తరవాత, ముందు దొంగ సంగతి చూడాలన్నాను. తెలివైనవాడి మాటలాగే వినపడింది నాకు. ఆవిడ మళ్ళీ బియ్యంలో రాళ్ళు వెతుక్కుంది.

ఇంటింటికీ వెళ్ళి చెవిలో చెప్పొచ్చాను. ఒక్క ఇంటికి తప్ప. అది వీధి మొదట్లో, సరిగ్గా మా ఎదురుగా అద్దెకుండే మస్తాన్‌బీ ఇల్లు. వాళ్ళాయన లారీ డ్రైవరు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ దిగుతూ కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆవిడ అరుగు మీద పొయ్యి పెట్టి ఇడ్లీ, బజ్జీ అమ్మేది. ఇల్లు గడవడానికి ఆ పొయ్యి ఒక్కటే ఆధారం. తినేవాళ్ళు ఎక్కువగా బయటివాళ్ళే, ఫ్యాక్టరీ కూలీలూ లారీలవాళ్ళూ. ఆవిడ అద్దెకున్న మనిషి, కాలనీ చందా కట్టదు, మా సమావేశాలకి ఎవరూ పిలవరు. సభ్యురాలు కాని మనిషికి రహస్యం ఎలా చెబుతాం అనుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం రాజ్యాంగం కాపాడినంత గర్వపడ్డాను.

సెలవలొచ్చాయి. ఒక్కొక్క కుటుంబమే బయల్దేరింది. నందిగామ వెళ్ళేవాళ్ళు నందిగామ, మైలవరం వెళ్ళేవాళ్ళు మైలవరం. వెళ్ళే ముందు బుద్ధిగా మండ కట్టి, నాకేసి చూసి కన్నుగీటి, ఎస్సై గారు చెప్పినట్టే వీధి తలుపు లోపల గడియ పెట్టుకుని, పెరటి సందులోంచి పోయి బస్సెక్కారు. వారం తిరిగేసరికి మా వీధిలో రెండు వరసలా గుమ్మాలకి వేప మండలు వేలాడుతున్నాయి. సాయంత్రం పూట చేతులు వెనక్కి కట్టుకుని వాటిమధ్య తిరుగుతుంటే, తోట కాపుకొచ్చిన రైతు సంతోషం ఎలాంటిదో నాకు తెలిసొచ్చింది.

ముందు పాలాయన మానేశాడు. ఎండకి గేదెలు ఎగ్గొట్టాయేమో అనుకున్నాను. గ్యాసు బండివాడు సిలిండర్లు హైవే పక్కన దించేసి, మీరే దొర్లించుకుపొండన్నాడు. అప్పటికీ నాకు వెలగలేదు. చెవిటికల్లు నుంచి మామగారు మామిడిపళ్ళ బుట్టతో వచ్చారు. మా పక్కింటి మండా, ఆ పక్కింటి మండా చూసి, చెప్పులు విడిచి, వీధికి దణ్ణం పెట్టి, బుట్ట అక్కడే దించి అదే ఆటోలో వెళ్ళిపోయారు. ఎప్పుడూ మా ఇంటికొస్తే వారం కదలని మనిషి. పథకంలో ఈ లాభం కూడా ఉందా అని నేను లోలోపల ఆనందించాను. సుజాత వారం రోజులు మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మస్తాన్‌బీ మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. చేతిలో మజ్జిగ చెంబు. మొహం బాగా పీక్కుపోయి ఉంది.

"సెక్రెటరీ గారు, ఆ చివరింటోళ్ళు తలుపు తియ్యట్లేదండి. పక్కింటోళ్ళూ అంతే. వంట్లో వేడికి చల్లగా ఉంటదని మజ్జిగ తీసుకెల్లా. ఎంత కొట్టినా పలకట్లేదు. లోపల ఎట్టా ఉన్నారో ఏమో."

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే పోయేది. కానీ ఆవిడ సభ్యురాలు కాదు కదా. "వాళ్ళకేం కాలేదులే, పడుకుని ఉంటారు," అన్నాను. ఆవిడ నావంక ఒక రకంగా చూసింది. ఇంత మందికి వంట్లో బాగోకపోతే సెక్రెటరీ అయ్యుండి ఇట్టా మాట్లాడతాడేంటి అన్నట్టు. మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్ళిపోయింది.

తన బేరం సంగతి ఒక్క ముక్క అనలేదు. నాలుగు రోజులుగా ఆవిడ అరుగు మీద ఒక్క మనిషి కూర్చోలేదనీ, అమ్మవారు పోసిన వీధిలో ఎవరు తింటారని కూలీలంతా ముఖం చాటేశారనీ, రుబ్బిన పిండి పులిసిపోతే పారబోస్తోందనీ నాకు తరవాత తెలిసింది. ఆ పరిస్థితిలో కూడా మా కాలనీవాళ్ళ కోసం మజ్జిగ చిలికిన మనిషి ఆవిడ.

నాతో లాభం లేదని ఆవిడ తిన్నగా ఆస్పత్రికి వెళ్ళి, మా వీధిలో ఇంటింటికీ అమ్మవారు పోసింది, మనుషులు లేవలేకుండా ఉన్నారు, తొందరగా రమ్మని చెప్పింది. మర్నాడు పొద్దున ఆస్పత్రి జీపులో డాక్టరు గారు దిగారు. జీపు వెనకాల, తలుపులు పగలగొట్టాల్సొస్తుందేమోనని ఎస్సై గారు కూడా దిగారు. జనం పోగయ్యారు. పార్కు స్థలంలో నన్ను మధ్యలో నిలబెట్టి, రోగులెక్కడ అని డాక్టరు గారు అడిగారు.

"రోగులు లేరండి," అన్నాను.

"మరి వేప మండలు?"

"అవి దొంగల కోసం అండి."

డాక్టరు గారు ఎస్సై గారి వంక చూశారు. ఎస్సై గారు ఆకాశం వంక చూశారు. అప్పుడు మొదలుపెట్టి నా పథకమంతా విడమర్చి చెప్పాల్సొచ్చింది. చెబుతున్నకొద్దీ జనం పెరిగారు. సుజాత కూడా పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరికేసి వచ్చి ముందు వరసలో నిలబడింది. మొగుడి పరువు పోతుంటే చూడ్డానికి సొంత మనిషొకరు ఉండాలి కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇల్లు బార్లా వదిలేసి రచ్చలో ఓడిపోతున్నాను.

ఆ జనంలో లేనిది మస్తాన్‌బీ ఒక్కతే. ఎప్పటిలాగే ఎవరూ పిలవలేదు. నేను ఇంకా సంజాయిషీ మధ్యలో ఉండగానే ఆవిడ గబగబా వచ్చి, నన్ను దాటుకుని, ఎస్సై గారి దగ్గర ఆగింది.

"సార్, సెక్రెటరీ గారి కుక్కరు మా అరుగు మీద ఉందండి. దాన్ని తెచ్చినాయన ఇడ్లీ తింటన్నాడు. ఇంకో రెండు వేసొచ్చా. కాస్త తొందరగా రండి."

జరిగిందేమిటంటే, ఆవిడ చల్లారిన పొయ్యి ముందు దిగులుగా కూర్చుని ఉంది. దుప్పటి మూటతో ఒకడు మా ఇంట్లోంచి బయటికొచ్చాడు. ఎవరని అడిగితే, ఆ ఇంటివాళ్ళ సామాను రిపేరుకి తీసుకెళ్తున్నానన్నాడు. ఆవిడ మూట మీద చెయ్యేసి చూసింది. కుక్కరు ఇంకా వెచ్చగా ఉంది, పప్పు వాసన కూడా వస్తోంది. పప్పుతో సహా కుక్కరు రిపేరుకి ఎవరిస్తారు? ఆవిడ అరవలేదు, కరవలేదు. ఎండన పడి పోతున్నావు, రెండిడ్లీ తిని వెళ్ళు, డబ్బులొద్దులే, ఎట్టాగూ పారబోసేదే అంది. వాడు ఎంత ఆకలి మీదున్నాడో, కూర్చున్నాడు. కుంటుకుంటూ బయటికొచ్చి, పిండికట్టు కాలు అరుగు మెట్టుకి అడ్డంగా చాపి వాళ్ళాయన వాణ్ణి కబుర్లలో పెట్టాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి దొంగని మస్తాన్‌బీ ఇడ్లీ పట్టింది.

మేము వెళ్ళేసరికి వాడు చట్నీ చెయ్యి నాక్కుంటున్నాడు. మూటలో కుక్కరుతో పాటు మా టేబుల్ ఫ్యానూ, కమిటీ సెక్రెటరీగా నాకిచ్చిన విజిలూ ఉన్నాయి. ఇంతమంది ఊళ్ళో లేకపోతే, మనుషులు కాపురముండే ఇంట్లోనే ఎందుకు దూరావని ఎస్సై గారు అడిగారు.

వాడు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అదేంటండి, ఆ ఇళ్ళల్లో అమ్మోరుంది కదండి. మాకు మాత్రం భయం భక్తీ ఉండవా? వీధి మొత్తం మీద మండా మనుషులూ లేని ఇల్లు ఇదొక్కటే కనపడిందండి."

ఎస్సై గారు నావైపు తిరిగి, నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నారు. "మీ పథకం బ్రహ్మాండంగా పనిచేసిందండి సెక్రెటరీ గారు. మీ ఇంటికి తప్ప."

జనమంతా నవ్వారు. డాక్టరు గారు కూడా నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, మస్తాన్‌బీ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ నవ్వలేదు. రహస్యం సంగతి జనం నోట ఆవిడకి అప్పుడే తెలిసింది.

"వీధిలో తెల్లారకముందే లేచి కళ్ళు తెరుచుకుని కూర్చునేదాన్ని నేనొక్కదాన్నేగా," అంది. "అందరికీ చెప్పి నాకే చెప్పలేదు మీరు. ఒక్క మాట చెప్తే పోయేదిగా."

నా నోట్లోంచి ఊడిపడింది, "తప్పయిపోయింది అక్కా," అన్న మాట. అప్పటిదాకా ఆవిణ్ణి నేను ఏ వరసా పెట్టి పిలవలేదు. ఎదురింటి కళ్ళని మించిన పోలీసు లేడని ఎస్సై గారు చెబితే ఆ మాట కొట్టిపారేశాను. ఆ కళ్ళు మా గుమ్మానికి ఎదురుగానే, పొయ్యి పొగలో ఎర్రబడి ఉంటే, చందా కట్టలేదని వదిలేశాను.

మండలన్నీ ఆ పూటే నేనే స్వయంగా పీకాను. కానీ గుమ్మంలోంచి పీకినంత తేలిగ్గా జనం మనసులోంచి భయం పీకలేం కదా. మర్నాడు కూడా ఆవిడ అరుగు ఖాళీగానే ఉంది. ఎస్సై గారికి సంగతి చెప్పాను. ఈసారి సొంత ఉపాయమేదీ చెప్పకుండా, ఏం చేద్దామండి అని మాత్రమే అడిగాను. ఆయన ఆ మర్నాడు పొద్దున యూనిఫాంలో, కానిస్టేబుళ్ళని వెంటేసుకుని వచ్చి, హైవేకి కనపడేలా అరుగు మీద కూర్చుని ఇడ్లీ తిన్నారు. పక్కన నేను, నా పక్కన సుజాత, ఆ తరవాత ఊళ్ళో మిగిలిన కాలనీవాళ్ళు. జీపు చూసి ఒక లారీ ఆగింది, దాన్ని చూసి ఇంకొకటి. రుబ్బిన పిండి ఆ రోజు చాల్లేదు. నిజం చెప్పాలంటే, నా జీవితంలో అంత రుచిగా ఇడ్లీ తినలేదు, అంత కష్టంగా మింగనూ లేదు.

తరవాతి సమావేశం పార్కులో కాకుండా మస్తాన్‌బీ అరుగు దగ్గరే పెట్టాం. ఊరెళ్ళేవాళ్ళు వెళ్ళే ముందు అక్కకొక మాట చెప్పి వెళ్ళాలన్నది ఒక్కటే తీర్మానం. అది రహస్యం కూడా కాదు. నేను అక్కడున్నన్నాళ్ళూ మా వీధిలో మళ్ళీ దొంగతనం జరగలేదు.

ఆ వేసవి చివర్లో నందిగామలో పెళ్ళికి నేనూ సుజాతా బయల్దేరాం. పెరటి తలుపుకి తాళం వేసి, ఎదురింటికి వెళ్ళి, అక్కా ఊరెళ్తున్నా, ఇల్లు కాస్త చూస్తుండు అన్నాను. ఆవిడ నూనెలో బజ్జీ తిప్పుతూ, తలెత్తకుండా అడిగింది.

"సరే తమ్ముడూ. మండేమన్నా కట్టమంటావా?"

అందుకని, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఆవిడ పొయ్యి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఉగాది పచ్చట్లోకి చిటికెడు పువ్వు కోసం తప్ప, నేను మళ్ళీ వేపచెట్టు జోలికి వెళ్ళను. ఆ పువ్వు కోసేటప్పుడు కూడా, ఎందుకు కోస్తున్నానో ముందు ఎదురింటివాళ్ళకి చెప్పే కోస్తాను.