పత్తికుప్ప పక్కన నా ఊపిరి

నా చిన్నప్పుడు మా ఇంటి గాలే నాకు పడటం లేదన్న కబురు మొదట తెచ్చింది పక్కింట్లో పరుపులు కుట్టే అక్క.

మాది నందిగామ దగ్గర పల్లె. ఆ ఏడు తుపానుకు తడిసిన పత్తిని మా నాన్న నడింట్లో గోడవారగా కుప్ప పోశాడు. మెత్తగా ఉంటుందని మా నాయనమ్మ నా పక్క దానిమీదే వేసేది. కొన్నాళ్లకు నాకు ఆయాసం పట్టుకుంది. ఛాతీలో ఒకటే పిల్లికూతలు. బడి మానిపించి నాయనమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, సాంబ్రాణి పొగ వేసేది. జగ్గయ్యపేట డాక్టరుగారి మందుతో ఒకపూట తేలికపడేది, మళ్లీ మామూలే. ఈ పిల్ల దక్కుతుందా అని దేవుడి ముందు నాయనమ్మ ఏడవడం నాకింకా గుర్తే.

ఒకరోజు అక్క వచ్చింది. "పెద్దమ్మా, మా ఆయన లారీ మీద పోయాడు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. పిల్లని నాలుగు రోజులు తోడు పంపించండి."

"దీన్నా? నాలుగడుగులేస్తే పడిపోద్దే!"

"మా ఇంట్లో పరుపులకేం కొదవ? పడనీండి."

తీరా వెళ్లాక పరుపుల పాక ఛాయలకే రానివ్వలేదు. వసారాలో నులకమంచం మీద ఉతికిన దుప్పటి పరిచి పడుకోబెట్టింది. ఐదో రోజు నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

"ఏం మందేసావే తల్లీ?" అంది నాయనమ్మ.

"మందూ లేదు, నాకు భయమూ లేదు పెద్దమ్మా, ఊరికే అన్నా. ముక్కిన పాత పరుపు విప్పిన రోజు నాకూ ఇట్టాగే ఎగపోస్తది. అందుకే అనుమానమొచ్చింది. ఆ పత్తి తీయించండి."

నాన్న కుప్ప లాగితే అడుగున పత్తి నల్లబడి ఉంది. వెనక గోడంతా బూజు.

"నేనే దీన్ని ఇందులో పెట్టి మూసానే," అంది నాయనమ్మ, కూలబడిపోయి.

"తెలిసి చేసారా ఏంటి? లెండి, రేపు సున్నం కొట్టిద్దాం."

గోడ ఆరింది, కిటికీలు తెరుచుకున్నాయి. వేసవికల్లా నేను మున్నేటి ఒడ్డుదాకా నడిచాను.

తడిచోట పట్టే బూజు కంటికి కనపడని పొడిని గాలిలోకి వదులుతుందనీ, కొందరి ఊపిరితిత్తులకు అది పడదనీ పెద్దయ్యాక ఒక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. నేటికీ వానాకాలం ఏ సామానూ గోడకు ఆనించనివ్వను. మనవలు నవ్వుతారు. నవ్వనీ, ఆ నవ్వులో పిల్లికూత లేదు, దేవుడి దయ.

అక్క మాత్రం చివరిదాకా దూది దుమ్ములోనే బతికింది. తన ఆయాసాన్ని బట్టి నా ఆయాసాన్ని కనిపెట్టిన మనిషి. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.