తెలీబంధా గట్టు మీద పుట్ట

రాయపూర్ ఎంత పెరిగిపోయిందో అని మురిసిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెరగొద్దని ఎవరన్నారు? దాంతోపాటే మేమూ పెరిగాం. కానీ ఊరు ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా ముందు చెరువు గట్లే ఎందుకు అడ్డమొస్తాయో నాకెవరైనా చెప్పాలి.

మా నాన్న రైల్వేలో గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్లలో పాతుకుపోయాడు. బజార్లో మమ్మల్ని మద్రాసీలనేవారు. మద్రాసు ఎటుందో మాకూ తెలీదు, అన్నవాళ్ళకీ తెలీదు. ఏడాది పొడుగునా హిందీలో బేరాలాడి, హిందీలో పోట్లాడి, ఒక్క రోజు మాత్రం మేం మాలాగా ఉండేవాళ్ళం. అది దీపావళి వెళ్ళాక వచ్చే నాగుల చవితి.

తెలీబంధా చెరువు గట్టు మీద మనిషెత్తు పుట్ట ఉండేది. ఆ రోజు క్వార్టర్ల ఆడవాళ్ళంతా తలకి పోసుకుని, పాల చెంబులూ చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని రిక్షాలెక్కేవారు. పుట్టలో పాలు పోసి, కోడిగుడ్డు జారవిడిచి, తడిసిన మన్ను తీసి పిల్లల చెవులకి రాసేవారు. చవితి కోసమని దాచుకున్న టపాకాయలు మేం అక్కడే కాల్చేవాళ్ళం. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూసేవారు. వాళ్ళకి పాముల పండగంటే శ్రావణంలో వచ్చే నాగపంచమి. పాములవాడే బుట్టతో గుమ్మంలోకొస్తాడు, పాలు పోస్తే సరి. దీపాల పండగ దాటాక ఈ మద్రాసీలకి పాము గొడవేమిటని వాళ్ళ అనుమానం. అనుకుంటే అనుకోనీ, మాకేం?

ఇంట్లో నోరు విప్పని మా అమ్మ ఆ గట్టు మీద అందరికంటే పెద్దగా నవ్వేది. పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు, ఊరెళ్ళడం ఏనాడో మానేసింది. ఆవిడకి సొంత ఊరంటే ఇక ఆ గట్టే.

ఎనభైల చివర్లో ఆ స్థలం అమ్ముడైంది. కొన్నవాడు పరాయివాడైతే ఇంత కడుపు మండేది కాదు. మా పక్క క్వార్టరు పిల్లాడే. మా వైపు వాడే. వాడి చెవులకీ ఆ మన్నే రాశారు. పెద్దవాడై కాంట్రాక్టరయ్యాడు, అక్కడ షాపులు కడతానన్నాడు.

ఆ ఎండాకాలం అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాడి దగ్గరికెళ్ళింది.

"కట్టుకో నాయనా, వద్దనను. ఈ ఏడు నాగుల చవితి అయ్యేదాకా ఆగు. ఒక్కసారి పాలు పోసుకుని, సెలవు చెప్పుకుని వస్తాం" అంది.

వాడు లేచి అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "పండగ వెళ్ళేదాకా దానిమీద గునపం పడదు పిన్నీ. నాదీ పూచీ" అన్నాడు. టీ తెప్పించాడు. దారిపొడుగునా అమ్మ వాణ్ణి దీవిస్తూనే ఉంది.

చవితి పొద్దున రిక్షాలు దిగేసరికి పుట్ట లేదు. గట్టంతా చదును చేసి, ఎర్రమొరం పోసి, రోలరు తిప్పేశారు. పునాదులకి ముగ్గు కూడా పోసి ఉంది. ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాడు అక్కడే మేస్త్రీతో మాట్లాడుతున్నాడు.

"మాటిచ్చావు కదా బాబూ" అంది అమ్మ.

వాడు తలొంచుకోలేదు, తడబడలేదు. ఆశ్చర్యపోయాడు. "పండగ అయ్యాకే కదా పిన్నీ తీయించాను? శ్రావణంలోనే అయిపోయింది. కూలీలు తొందరపెట్టినా పంచమి వెళ్ళేదాకా ముట్టుకోనివ్వలేదు" అన్నాడు.

అబద్ధమాడి ఉంటే నాలుగు దులిపేసి ఊరుకునేదాన్ని. కానీ వాడు నిజంగానే ఆగాడు. ఊళ్ళోవాళ్ళ పండగకి ఆగాడు. తనదేదో వాడికి గుర్తే లేదు. చెవుల్లో మన్ను రాయించుకుని, మాతోపాటు టపాకాయలు కాల్చినవాడు. ఇప్పటికీ తలుచుకుంటే నా పళ్ళు పటపటలాడతాయి. పైగా ఓదార్పు కూడానూ: "షాపుల మెట్ల దగ్గర పాలరాతి నాగదేవతని పెట్టిస్తాను పిన్నీ. ఎండా వానా లేకుండా పాలు పోసుకోవచ్చు." దులిపేద్దామని నేను కొంగు దోపుకున్నాను.

అప్పుడే ఇంకో రిక్షా వచ్చింది. దిగింది వాళ్ళమ్మ. పెద్ద ఇంటికి మారాక కూడా ఏటా వచ్చేది. చూపు ఆనదు. పాల చెంబుని గుండెకి ఆనించుకుని, తడుముకుంటూ వచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పుట్ట ఏదే చెల్లీ?"

కొడుకే దగ్గరికొచ్చి, పండగ ఎప్పుడో అయిపోయింది, ఇంటికి పోదాం పద అన్నాడు. కన్నతల్లితో హిందీలో అన్నాడు.

ముసలావిడ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఎవుల పండగరా అయిపోనాది?"

ఆవిడ మా అమ్మ చెయ్యి వదల్లేదు, మెల్లగా గొంతుక్కూచుని, చెంబు పక్కన పెట్టి, రెండో చేత్తో నేల తడిమింది. అటూ ఇటూ తడిమింది. ఎక్కడా కన్నం తగల్లేదు. తడిమిన చోటే చెంబు వొంచింది. రోలరు తొక్కిన మొరం, ఇంకదు కదా. పాలు ముగ్గు గీతని చెరుపుకుంటూ వాడి బూట్ల దాకా పారాయి. వాడు వెనక్కి జరిగాడు.