రామాంజన్న కంటికి పెట్టిన వంక

2022 వేసవి. హిందూపురంలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో, ఒక మందుల షాపు పైన నా ఆఫీసు ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. దుకాణాలకు, స్కూళ్ళకు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసి ఇవ్వడం నా పని. అప్పటికి ఆ పనిలో పదకొండేళ్ళు గడిచాయి. చెప్పుకోదగ్గ పనులు కొన్ని చేశాను. ఎవరైనా అడిగితే వాటి గురించే చెబుతూ వచ్చాను. ఇది మాత్రం అడిగినా చెప్పనిది.

ఆ వేసవిలో ఒక ఉదయం పెనుకొండ నుంచి రామాంజనేయులు అనే ఫోటోగ్రాఫరు వచ్చాడు. నేనూ అందరిలాగే రామాంజన్న అని పిలిచేవాణ్ణి. యాభై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా పెనుకొండలో స్టూడియో నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళు ఆయనకు తిండి పెట్టాయి కానీ, ఆయన మనసంతా చీరల ఫోటోల మీద ఉండేది. ధర్మవరంలో నాలుగు నేత కుటుంబాలు తమ పట్టుచీరలను ఆయన చేతనే ఫోటో తీయించేవి. ఒకే వెబ్‌సైటులో తన ఫోటోలన్నీ జనం చూడాలని, ఆ నాలుగిళ్ళ చీరలు అక్కడే అమ్ముడుపోవాలని ఆయన కోరిక.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫోటోలు చూపించాడు. వాటిలో ఒకటి నెమలికంఠం రంగు చీర. పడుగు నీలం, పేక పచ్చ. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారం, పేకంటే అడ్డంగా నేసే దారం. ఆ రెండూ కలిసినప్పుడు చీర ఒక పక్కనుంచి నీలంగా, ఒక పక్కనుంచి పచ్చగా కనిపిస్తుంది. ఒకే ఫోటోలో రెండూ కనిపించేలా తీయడం కష్టం. రామాంజన్న లైట్లు వాడడు. గడప దగ్గర చీర పరిచి, ఎండ ఎంత లోపలికి రావాలో అంత వచ్చేదాకా కాచుకుని కూర్చుంటాడు.

"మురళీ, నాకు ఒకటే భయమప్పా. సైటులో పెడితే రంగు చెడిపోదు కదా?" అన్నాడు.

"చెడిపోదన్నా. అదంతా నేను చూసుకుంటా" అన్నాను. చెడిపోతుందో లేదో నాకు తెలియదు.

వెబ్‌సైటు ఉండడానికి చోటు కావాలి. ఎప్పుడూ ఆరిపోని ఒక కంప్యూటర్లో ఆ చోటు అద్దెకు ఇచ్చేవి హోస్టింగ్ సర్వీసులు. నాలుగు సర్వీసుల పేర్లు రాసి, వేగం, భద్రత, అమ్మకాలకు వీలు, సాయం అంటూ గళ్ళు గీసి ఒక కాగితం తయారుచేశాను. నాలుగోది ప్రత్యేకంగా ఫోటోగ్రాఫర్ల కోసం నడిచే సర్వీసు. రామాంజన్నకు కావలసింది అదే. కానీ దాన్ని నేను ఎప్పుడూ వాడలేదు. నేర్చుకోవాలంటే మళ్ళీ మొదటినుంచీ కూర్చోవాలి. దాని ఎదురుగా "సాయం అడిగితే జవాబు ఆలస్యం" అని రాసి ఇంటూ పెట్టాను. నేను వాళ్ళను ఏ రోజూ ఏమీ అడగలేదు. నా మిగతా సైట్లన్నీ రెండో సర్వీసులో ఉన్నాయి, దాని మీటలన్నీ నాకు కంఠతా వచ్చు. దానికి టిక్కు పెట్టాను.

రామాంజన్న కళ్ళద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివాడు. "ఎంత ఇవరంగా రాసినావప్పా" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సైటు మొదలైంది. నెలా పదిహేను రోజుల్లో రెండు చీరలు వెనక్కి వచ్చాయి. రెండూ నెమలికంఠం రంగువే, ధర్మవరంలో నర్సక్క ఇంట్లో నేసినవే. బెంగుళూరు నుంచి ఒకావిడ చీరతోపాటు చీటీ పెట్టి పంపింది. ఫోటోలో ఉన్న రంగు కాదిది, మా అమ్మకు నిదానమైన రంగు కావాలని తీసుకున్నాం, ఇంత మెరిసేది ఆమె కట్టుకోదు, అని.

రామాంజన్న ఫోన్ చేశాడు. "నా కంప్యూటర్లో చూస్తే చీర బాగనే ఉండాది. సైటులో చూస్తే సచ్చిపోయినట్లుండాది. ఏమప్పా ఇది?"

"నీ స్క్రీను పాతదైంది అన్నా, అందుకే తేడా" అన్నాను.

కూతురి ల్యాప్‌టాప్‌లో చూసి మళ్ళీ చేశాడు. అందులోనూ అంతే. అప్పుడు నాకు చిరాకు వచ్చింది. ఆ చిరాకు నా తెలియనితనం మీద. చూపించింది ఆయన మీద. "అన్నా, సైటులో కనపడేదే నీ ఫోటోలో ఉన్న అసలు రంగు. నీ కంప్యూటర్లో రంగులు ఎక్కువ చేసి పెట్టుకుని దానికి అలవాటు పడినావు. ఈ వయసులో కొంచెం తేడా వస్తాది. ఒకసారి కండ్లు చూపించుకో" అన్నాను.

"అట్లంటావా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తరువాత కొన్నాళ్ళకు వేరే పని మీద ఆ సర్వీసు సెట్టింగులు తెరిచాను. ఒక మూల "ఇమేజ్ ఆప్టిమైజేషన్" అని ఉంది. అంటే సైటు త్వరగా తెరుచుకోవడానికి ఫోటోలను తేలిక చేయడం. పక్కన టిక్కు. కింద చిన్న అక్షరాల్లో, ఫోటోతో వచ్చే అదనపు సమాచారాన్ని తీసివేస్తాం అని రాసి ఉంది. ఆ అదనపు సమాచారంలోనే కలర్ ప్రొఫైల్ ఉంటుంది. ఫోటోలోని రంగులను ఎలా చూపాలో స్క్రీనుకు చెప్పే చీటీ లాంటిది అది. ఆల్బములు అచ్చువేసే ల్యాబు కోసం రామాంజన్న ఎక్కువ రంగులు పట్టే ప్రొఫైల్ వాడేవాడు. ఆ చీటీ చింపేస్తే అలాంటి ఫోటోలే అన్నిటికన్నా ఎక్కువగా పాలిపోతాయి. నెమలికంఠం పచ్చ బూడిద రంగులో కలిసిపోతుంది.

ఆయన ఇచ్చిన అసలు ఫోటోను, సైటులోని ఫోటోను పక్కపక్కన తెరిచాను. కంప్యూటర్ల గురించి ఏమీ తెలియని మనిషి కూడా చెప్పగలిగేంత తేడా ఉంది. అంతవరకు నేను ఒక్కసారైనా అలా పెట్టి చూడలేదు.

టిక్కు తీసేశాను. ఫోటోలన్నీ మళ్ళీ ఎక్కించాను. గంటన్నర పట్టింది. రామాంజన్నకు ఫోన్ చేశాను. చేసేటప్పుడు నిజం చెబుదామనే అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఇది: "అన్నా, ఫోటోలు నేను కొంచెం సరిచేసినా. ఇప్పుడు చూడు."

ఆయన చూశాడు. "అబ్బా! ఎంత బాగ చేసినావప్పా. నాకు కనపడనిదంతా నీకు కనపడె" అన్నాడు.

ఆ మాట విని కూడా నేను నోరు విప్పలేదు.

వారం తరువాత నన్ను ధర్మవరం రమ్మన్నాడు. నర్సక్క, ఆమెను చూసి మిగతా మూడిళ్ళ వాళ్ళు, ఇక చీరలు ఇచ్చేది లేదంటున్నారట. "నువ్వు గూడా రాప్పా. ఇంగ రంగులు నువ్వే చూస్తావని చెప్తే ఒప్పుకుంటారు" అన్నాడు. వెళ్ళాను.

నర్సక్క ఇంట్లో ముందు గదిలోనే మగ్గం. ఆమె భర్త గుంతలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే నర్సక్క మొదలుపెట్టింది.

"రాండి, రాండి. బతికిన చీరను సచ్చినట్ల చూపించే అన్న వచ్చినాడు. మడత ఇప్పిన చీర ఎనక్కి వస్తే దాన్ని కొత్తదని ఎవురంటారన్నా? యాడ పెట్టుకోవల్ల నేను?"

"తప్పు నాదేలేమ్మా" అన్నాడు రామాంజన్న. "కండ్లకు వయసొచ్చింది. ఇంగ మీద ఫోటో నేను తీస్తా, రంగు మాత్రం ఈ మురళి చూస్తాడు. మొన్న సరిచేసింది గూడా ఈయప్పే."

నర్సక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఈయప్పా? ఈయప్పకు పడుగేదో పేకేదో తెలుసునా?"

"అడుగు, తెలుస్తాది" అన్నాడు భర్త, మగ్గం ఆపకుండా.

ఆమె లోపలికి పోయి దారం చుట్టిన రెండు కండెలు తెచ్చింది. రెండూ పచ్చవే. నా కంటికి రెండూ ఒకటే. "ఎనక్కొచ్చిన చీరలో పేక ఇందాంట్లో ఏది?" అని మా ఇద్దరి ముందూ చెయ్యి చాపింది.

రామాంజన్న చెయ్యి దానంతటది ఎడమ కండె వైపు లేచింది. సగంలో ఆగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నా మొహం వైపు చూశాడు. "నువ్వు చెప్పు మురళీ" అన్నాడు.

"ఎడమదక్కా" అన్నాను.

"నిజమే!" అంది నర్సక్క. రామాంజన్న మొహం వెలిగింది. "చూస్తివా, చెప్పల్యా నేను!" అన్నాడు, సొంత తమ్ముడు గెలిచినట్టు. చీరలు ఇవ్వడానికి ఆమె ఒప్పుకుంది. మజ్జిగ ఇచ్చింది. తాగాను.

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "పెండ్లిండ్లు గూడా మానుకుంటానప్పా. పాస్‌పోర్టు ఫోటోలు చాలు. దాంట్లో రంగుతో పనేముండాది. ఈ చీరలు గూడా ఒక సంవత్సరం తీసి, ఎవరైనా వయసు పిల్లోళ్ళకు అప్పజెప్తా." పెనుకొండలో దిగి, ప్లాట్‌ఫారం మీదనుంచి నాకు చెయ్యి ఊపాడు. నేను హిందూపురం వచ్చాను.

రెండు రోజులు ఓర్చుకున్నాను. పశ్చాత్తాపంతో తల్లడిల్లాను అని రాస్తే అది అబద్ధం. ఆ రెండు రోజులూ నేను వెతికింది, చెప్పకుండా ఆయన్ను మామూలు మనిషిని చేసే దారి. దొరకలేదు. మూడో రోజు ఉదయం బస్సెక్కి పెనుకొండ పోయాను.

స్టూడియోలో ఆయనొక్కడే ఉన్నాడు. ఆయన కంప్యూటర్లోనే సైటు తెరిచి, ఆ టిక్కు పెట్టి ఒక ఫోటో, తీసేసి అదే ఫోటో ఎక్కించి చూపించాను. అంతా చెప్పాను. ఆ కాగితంలో నాలుగో సర్వీసు ఎదురుగా రాసింది కల్పించి రాశానని కూడా చెప్పాను.

ఆయన స్క్రీను మీదనుంచి చూపు తిప్పకుండా అడిగాడు. "ఇది నీకు ఎప్పుడు తెలిసె?"

"సరిచేసినా అని ఫోన్ చేసినానే, ఆ రోజే అన్నా."

"అయితే ధర్మవరంలో నర్సక్క ముందర కూర్చున్నప్పుడు తెలుసు."

"తెలుసన్నా."

ఆయన సొరుగు లాగి రెండు చీటీలు బల్ల మీద పెట్టాడు. కంటి డాక్టర్లవి. "నువ్వు చెప్పినావని ఈడ చూపించుకుంటి. ఏమీ లేదు పొమ్మన్నాడు. ఈ డాక్టరుకు తెలీదని అనంతపురం పోతి. ఆయప్ప గూడా బాగుండాయి అనె. చదువుకున్నోళ్ళు ఇద్దరు చెప్పినా నమ్మల్యా నేను. నిన్ను నమ్మినా."

చీటీలు మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

"తెలీదని ఒక మాట చెప్పింటే ఏమైతాండె మురళీ? నేనేమన్నా నిన్ను కొడతాంటినా?"

ఆయన కోప్పడేవాడు కాదు, పని వేరే వాళ్ళకిచ్చేవాడూ కాదు. నేర్చుకుని చెయ్యప్పా అనేవాడు.

"నర్సక్కకు నువ్వే పోయి చెప్పు. నేను చెప్తే నన్ను నేను కాపాడుకున్నట్లుంటాది" అన్నాడు. టీ చెప్పలేదు.

అట్నుంచి అటే ధర్మవరం పోయాను. నర్సక్క అంతా విని, "అయితే ఆ పొద్దు కండె ఎట్ల కనుక్కొంటివి?" అని అడిగింది.

"అన్న చెయ్యి ఎడమ కండె దిక్కు పోయింది అక్కా. అది చూసి చెప్పినా."

ఆమె భర్త మగ్గం ఆపాడు. "ఆయప్పకు తెలిసిందాన్నే తీసుకుని, ఆయప్పకే తెలీదనిపిస్తివి" అన్నాడు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే ఉండి, చెప్పాల్సింది ఇంకేమీ లేదని అర్థమయ్యాక వచ్చేశాను.

సైటును నాలుగో సర్వీసుకు మార్చాను. నాకు అది రాదని రామాంజన్నకు చెప్పే మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది. తెలియనిచోట వాళ్ళకు రాసి అడిగితే ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది. రంగులు ఉన్నవి ఉన్నట్టుగా నిలిచాయి. నాలుగిళ్ళ వాళ్ళూ ఆగిపోలేదు. నర్సక్క ఇప్పటికీ చీరలు ఇస్తోంది, ఆయనకే ఇస్తోంది. ఆయన పెళ్ళిళ్ళు మానలేదు.

నా పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఏ సర్వీసు మంచిదని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేది రెండు మాటలే. ఫోటోలు అమ్ముకునే మనిషికి చోటు చూసేటప్పుడు, ముందు ఒక ఫోటో ఎక్కించి, దించి, అసలుదానితో పక్కపక్కన పెట్టి, ఆ ఫోటో తీసిన మనిషినే చూడమనండి. ఆయన బాగా లేదంటే బాగా లేదు. రెండోది, మీకు తెలియని చోట తెలియదని అనండి. మీరు ఆ మాట మింగితే అది ఊరకే పోదు, ఎదుటివాడి లోపంగా మారుతుంది. నేను ఒక సెట్టింగు చూడలేదు, అది పొరపాటు. పొరపాటును గంటన్నరలో సరిచేశాను. కానీ ముప్ఫై ఏళ్ళు రంగులు చూసిన కంటిని ఆయనే అనుమానించేలా చేశాను. దాన్ని సరిచేసే మీట ఏ సర్వీసులోనూ లేదు.

రామాంజన్న నాతో ఇప్పుడు బాగానే మాట్లాడతాడు. సైటు పని నాకే ఇస్తాడు. కానీ కొత్త చీర ఫోటో ఎక్కించే ముందు, ప్రతిసారీ, దాన్ని నా ఫోనుకు పంపుతాడు. కింద ఒకే ప్రశ్న ఉంటుంది: "రంగు సరిగ్గా ఉండాదా?"

"నాకు తెలీదన్నా. నీకే తెలుసు" అని రాస్తాను.

నిన్న ఉదయం కూడా పంపాడు.