పసుపుకు లొంగని బూజు

పాండాను నేను ఫోన్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని, పొద్దస్తమానం వెదురు నమిలే ఆ జంతువు మా ధర్మపురి ఎండకు ఒక పూట కూడా నిలవదు. అయినా నా ఎమ్మెస్సీ చివరి ఏడాదంతా దాని తిండి చుట్టూనే తిరిగింది.

మాది తమిళనాడులో, పెన్నాగరం పక్క పల్లె. తరతరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాయన కట్టడం పనికి పోతాడు, అమ్మ చేలల్లోకి కూలికి పోతుంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. తెలుగు అక్షరాలు మాత్రం ఏ బడిలోనూ చెప్పలేదు, పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. అప్పుడు కాయితం మీద పెట్టాలనిపించిన మొదటి సంగతి ఇదే.

ప్రాజెక్టుకు విషయం మా మేడమ్ ఇచ్చింది. పాండా తినే వెదురాకు మీద, ఆకు లోపల కూడా, కంటికి కనిపించని శిలీంధ్రాలు కాపురముంటాయట. ఆకుతో పాటు అవీ దాని కడుపులోకి పోతాయి. వాటిలో ఏది మేలు, ఏది కీడు అని పరదేశాల్లో వెతుకుతున్నారని ఆమె చదివింది. మనకు పాండా లేకపోతేనేం, వెదురుంది కదా, మన ఆకు లోపల ఎవరున్నారో చూడమంది. శిలీంధ్రం అంటే మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? కరడి తినే ఆకుకు పట్టే బూజు అని చెప్పాను. ఎలుగుబంటిని మేము తమిళంలో లాగే కరడి అంటాం. నాయన, బూజు పడితే పారేస్తాం గానీ దానికి చదువెందుకని అడిగాడు. పక్కింట్లో ఉండే మా పెద్దమ్మ ఆ రోజు నుంచి నన్ను బూజుపాప అని పిలవడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ ఎగతాళిని నేను పట్టించుకునేదాన్ని కాదు, ఆమె చేతిలో హోసూరు లేకపోతే. ఆమె కూతురు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఈ ఏడు పట్టా చేతికి రాకపోతే నన్నూ అక్కడే చేర్చాలని పెద్దవాళ్లంతా కూర్చుని మాట అనుకున్నారు. నాయన మోకాళ్లు ఇక సిమెంటు తట్టలు మొయ్యలేమంటున్నాయి, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ నాకు పోవాలని లేదు. ఆ ప్రయోగశాల అంటే నాకు ప్రాణం. పొద్దున్నే తలుపు తీసి, ప్లేట్లలో కొత్తగా ఏం మొలిచిందో చూసే ఆ క్షణం కోసం రెండు బస్సులు మారి పోయేదాన్ని.

హొగెనకల్ దారిలో ఒక రైతు చేను గట్టు మీద ముళ్ల వెదురు పొద ఉండేది. నెలల తరబడి ఆకులన్నీ దాని నుంచే తెచ్చాను. ఆకును మందునీళ్లలో, స్పిరిట్‌లో కడిగి, ముక్కలు కోసి, బంగాళదుంప కషాయంతో పోసిన అగర్ ప్లేటులో పెట్టాలి. అగర్ అంటే గడ్డకట్టిన జున్ను లాంటిది, శిలీంధ్రానికి అదే అన్నం. కొద్ది రోజులకు ముక్క కోసిన అంచు నుంచి లేత గులాబి రంగు బూజు మెల్లగా బయటికి పాకేది. ప్రతిసారీ అదే గులాబి. నాకు దాని మీద సొంత బిడ్డ మీదున్నంత మురిపెం.

ఆ మురిపెం మా డిపార్టుమెంటులో ప్రాజెక్టులు తనిఖీ చేసే సార్ దగ్గర సాగలేదు. అది ఆకు లోపలిదని ఏమిటి నమ్మకం, బస్సులో పట్టిన దుమ్ము కాదా అన్నాడు. దానికి రుజువు నా దగ్గరుంది. కడిగిన ఆకును కోయకుండా, ఊరికే ఇంకో ప్లేటు మీద అద్ది తీసేస్తాం. అక్కడ ఏమీ మొలవకపోతే ఆకు పైన ఏమీ లేదని లెక్క. అలా అద్దిన ఖాళీ ప్లేటు చూపించాను. ఆయన దాన్ని వెలుగుకు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఖాళీ ప్లేటు ఎవరైనా తేగలరు, దీని మీద ఆకు నిజంగా తగిలిందని నాకెలా తెలుస్తుందని అడిగాడు. మళ్లీ చేసి, ఆఖరి తనిఖీకి సరైన రుజువుతో రమ్మన్నాడు. ఆయన సంతకం లేనిదే పట్టా రాదు. నాకు ఒళ్లు మండింది. ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉండడం వల్ల ఇంకా మండింది.

మరుసటి రోజే పొద దగ్గరికి పోతే, రైతు మనుషులు దాన్ని కొట్టేస్తున్నారు. అక్కడ బోరు వేస్తారట. వేరే పొద వెతుక్కుంటే మొదటి నుంచీ అంతా మళ్లీ చెయ్యాలి, దానికి నాకు వ్యవధి లేదు. పడిన కొమ్మల మీద నుంచి మంచి ఆకులు ఏరుకుని, కవరులో మూట కట్టుకుని ఇంటికి తెచ్చాను. కాలేజీ ఆ రోజు సెలవు. కవరును మట్టికుండ పక్కన చల్లగా పెట్టి, తానం చేసి వచ్చేసరికి అమ్మ పెరట్లో కూర్చుని ఉంది. ముందర చేట. చేట నిండా నా వెదురాకులు. పచ్చనివి కావు, పసుపుపచ్చనివి.

మా ఇళ్లలో బయటి నుంచి ఏ ఆకు వచ్చినా పసుపునీళ్లలో ముంచకుండా లోపల పెట్టరు. అమ్మ ముంచి ఊరుకోలేదు. ఒక్కో ఆకుకూ రెండు పక్కలా పసుపు రుద్ది, కడిగి, నీడకు ఆరబోసింది.

ఇదేమిటమ్మా అని నేను అడిగేలోపే ఆమే చెప్పింది.

"ఆకు మింద బూజు ఉండాదని నువ్వే కదా పాపా చెప్పినావు. ఆ సారు నిన్ను తిట్టినాడు కదా. సుత్తంగా కడిగినాను, ఇంక ఏమీ అనడు."

నేను ఏడ్చాను. చేటను తన్నబోయి కాలు ఆపుకున్నాను. బూజు కోసమే కదమ్మా నేను బతుకుతున్నది అని అరిచాను, ఆ మాటకు పక్కింటి గోడ మీద పెద్దమ్మ తల కనిపించింది. అమ్మకు ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. ఒక్కో ఆకునూ తీసి చీర కొంగుతో తుడవసాగింది. తుడిస్తే పసుపు పోతుందా? చూడలేక ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. వేన్నీళ్లు పోశావా అని మాత్రం అడిగాను. లేదు, చన్నీళ్లే అంది. అంటే ఆకు లోపల ఉడకలేదు, అక్కడి బూజు బతికే ఉంటుంది.

మరునాడు ఆ పసుపు ఆకులే పట్టుకుని బస్సెక్కాను. వేరే గతి లేదు. మేడమ్ చూసి, ముందు నవ్వింది, తర్వాత ఉన్నవాటితోనే చెయ్యమంది. ఎప్పటిలా మందునీళ్లలో, స్పిరిట్‌లో కడిగాను. పసుపు చాలా వరకు వెలిసింది గానీ, అమ్మ అరచేతి బలానికి ఈనెల గాడుల్లో పట్టుకున్నది పోలేదు. ఒక ఆకును ప్లేటు మీద అద్ది తీశాను. తీసి చూసి అక్కడే నిలబడిపోయాను. తెల్లటి అగర్ మీద ఆకు మొత్తం పడింది. మొన, అంచులు, వరసగా ఈనెలు, అన్నీ లేత పసుపు గీతల్లో.

ఆకు తగిలిందని ఎలా తెలుస్తుందన్నాడు కదా. ఇదిగో, ఇలా.

ఇంటికి పోతూ బస్సు కిటికీ పక్కన కూర్చుని, మనసులోనే ఆ సార్‌తో పోట్లాట పెట్టుకున్నాను. కోపం వస్తే నాకది అలవాటు. పోట్లాటలో నేనే గెలుస్తుండగా ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. పసుపే బూజును మొలవనియ్యలేదేమో? బస్సు దిగేలోపు జవాబు దొరికింది. మరునాడు ఇంకో ఆకును అలాగే అద్ది, ఆ పసుపు గీతల నడుమ నా గులాబి బూజును సూదిమొనంత తీసి పెట్టాను. అమ్మ ఎంత పసుపు వేసిందో కూడా రాయాలని మేడమ్ అంటే, ఎంతని అడిగాను. చేతికి వచ్చినంత అంది అమ్మ. ఆ చేతికి వచ్చినంతను పొట్లం కట్టించుకుని పోయి ప్రయోగశాల త్రాసులో తూచాను.

ఆఖరి తనిఖీ నాడు మూడు ప్లేట్లు బల్ల మీద పెట్టాను. మొదటిదాంట్లో పసుపు ఆకు గుర్తు, దాని మీద ఏమీ లేదు. రెండోదాంట్లో అదే ఆకు ముక్కలు, కోసిన ప్రతి అంచు నుంచీ గులాబి బూజు. సార్ మొదటిదాన్ని వెలుగుకు పట్టుకున్నాడు. ఈసారి తిప్పలేదు, అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, పసుపే దాన్ని ఆపిందేమో అన్నాడు, అచ్చం బస్సులో అన్నట్టే. నేను మూడో ప్లేటు ముందుకు తోశాను. పసుపు గీతల మీదే గులాబి బూజు ఇష్టారాజ్యంగా అల్లుకుని, ఆకు గుర్తులో సగాన్ని కప్పేసింది.

ఆయన మూడు ప్లేట్లనూ మళ్లీ వరసగా చూశాడు. ఈ పసుపు ఆలోచన ఎవరిదని అడిగాడు. మా అమ్మది సార్, ఆమె బూజును చంపాలనుకుంది అన్నాను. గదిలో అందరూ నవ్వారు, ఆయన కూడా. ఇది ఆకు లోపలిదే, ఇంక నాకు అడగడానికేమీ లేదు అని సంతకం పెట్టాడు. పైగా పై పరిశోధనకు దరఖాస్తు పెట్టమని, తాను సిఫారసు రాసిస్తానని చెప్పాడు. బయటికి వచ్చి, వరండా స్తంభానికి ఆనుకుని, పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వాను. బతుకులో అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

ఇంటికి పోయేసరికి అమ్మ కూలి నుంచి వచ్చి గడపలోనే కూర్చుని ఉంది. కాళ్ల మట్టి కూడా కడుక్కోలేదు. ఫోన్‌లో మూడు ప్లేట్ల ఫోటోలు చూపించి, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. ఆమె రెండో ఫోటోలో గులాబి బూజు మీద వేలు పెట్టింది.

"అంత రుద్దినా పోలేదా ఇది?"

"పోలేదమ్మా. ఆకు లోపలే ఉండాది."

అమ్మ లేచి, ఫోన్ తీసుకుని, నేరుగా పెరట్లో గోడ దగ్గరికి పోయింది. పెద్దమ్మను పిలిచి ఆ ఫోటో ఆమె ముఖం ముందు పెట్టింది.

"చూడక్కా. మా పాప పట్టిన బూజు నా పసుపుకే లొంగలే. నువ్వు మా పాపను హోసూరుకి పంపమంటివే."

ఆ తర్వాత మా ఇంట్లో హోసూరు మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ నన్ను ఇప్పటికీ బూజుపాప అనే పిలుస్తుంది, నేను గట్టిగానే పలుకుతాను.